నేను ఆడిన కన్సోల్ గేమ్‌లు: చేతిలో మిగిలినవి, మిగలనివి

స్టీల్‌ప్లాంట్_కుర్రోడు (విశాఖ)

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసేది తక్కువ. పీఎస్4 (ప్లేస్టేషన్ 4)తో మొదలుపెట్టి ఇప్పుడు పీఎస్5 మీదా, మధ్యలో మా బావమరిది దగ్గర తెచ్చుకున్న నింటెండో స్విచ్ కన్సోల్ మీదా ఆడినవాటి గురించి రాద్దామని కూర్చున్నాను. ఇవి రివ్యూలు కావు. గ్రాఫిక్స్‌కి ఇన్ని మార్కులు, సంగీతానికి ఇన్ని అని వేసేవాళ్లు యూట్యూబ్ నిండా ఉన్నారు. ఆట ముగించి ఏడాది తిరిగాక నాకు కథ సగమే గుర్తుంటుంది, పేర్లు అసలే ఉండవు. ఏ బటన్ నొక్కితే చేతికి ఏం తెలిసిందో అది మాత్రం పోదు. ఆ లెక్కనే చెబుతాను.

గాడ్ ఆఫ్ వార్ (2018). హీరో క్రేటోస్ గొడ్డలి విసిరాక ట్రయాంగిల్ బటన్ నొక్కితే అది వెనక్కి వస్తుంది. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే అంటే మా తమ్ముడు నవ్వాడు. నొక్కగానే ముందు ఎక్కడో గాలిలో రొద మొదలవుతుంది, దారిలో ఎవడైనా ఉంటే వాణ్ణి కొట్టుకుంటూ వస్తుంది, అరచేతిలో పడ్డ క్షణాన కంట్రోలర్ ఒక్కసారి అదురుతుంది. శత్రువులు ఎవరూ లేని చోట కూడా ఊరికే చెట్టుకేసి విసిరి రప్పించుకుంటూ నడిచేవాణ్ణి. 2022లో వచ్చిన రాగ్నరాక్ దీనికంటే పెద్దది, ఫైట్లు ఇంకా బాగుంటాయి. ఒక్కటే చిరాకు: పజిల్ ముందు నిలబడి అటూ ఇటూ చూసేలోపు పక్కనున్న పాత్ర జవాబు చెప్పేస్తుంది. మమ్మల్ని ఆలోచించనివ్వండయ్యా!

షాడో ఆఫ్ ద కొలోసస్. 2005లో పీఎస్2కి వచ్చింది. నేను ఆడింది 2018లో పీఎస్4 కోసం మళ్లీ చేసిన వెర్షన్. మొత్తం 16 మహాకాయాలు, అంతే. మధ్యలో చిల్లర శత్రువులు లేరు, ఊళ్లు లేవు, దుకాణాలు లేవు. ఆ మహాకాయం ఒంటిమీది బొచ్చు పట్టుకుని పైకెక్కాలి. ఆర్2 నొక్కి ఉంచినంతసేపే పట్టు. ఎంత పట్టు మిగిలిందో చూపించే గుండ్రం ఓ మూల తరిగిపోతూ ఉంటుంది. అది ఒళ్లు విదిలించినప్పుడల్లా ఆ బటన్‌ని వేలు నొప్పి పుట్టేలా నొక్కేవాణ్ణి. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఆటకి ఒకటే అని తెలుసు. అయినా నొక్కుతాం. అయిదోది పక్షి. నీళ్ల మీద ఎగురుతున్నదాన్ని బాణంతో రెచ్చగొట్టి, మీదకి దూసుకొచ్చినప్పుడు రెక్క అందుకోవాలి. ఆ ఒక్క గెంతు కోసం మళ్లీ ఆడతాను. ఇక అగ్రో అనే గుర్రం ఉంది. తిప్పిన వెంటనే తిరగదు, ఒక్కోసారి మాటే వినదు. కంట్రోల్స్ బాగాలేవని చాలామంది తిట్టారు. గుర్రమన్నాక ఆమాత్రం పొగరు ఉండాలి.

ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 (2020). ఒకచోట తెర మీద స్క్వేర్ గుర్తు వెలుగుతుంది. ఎవరు, ఎవర్ని అన్నది చెప్పను. అది నొక్కితే నేను ఆడిస్తున్న ఎల్లీ చేయబోయే పని నాకు ఇష్టం లేదు. నొక్కకుండా కూర్చుంటే ఆట అక్కడే ఆగి నా కోసం చూస్తుంది. సినిమా అయితే తల పక్కకి తిప్పుకుంటే సరిపోయేది. ఇక్కడ నా వేలితోనే చేయించారు. కోపం వచ్చి కట్టేసి పడుకున్నాను. ఆ గేమ్ నచ్చిందా అంటే ఇప్పటికీ చెప్పలేను.

మిగలనివాటిలో మొదటిది అసాసిన్స్ క్రీడ్ వల్‌హల్లా. మ్యాప్ నిండా చుక్కలు. ఒక చుక్క తుడిస్తే ఇంకో చుక్క. ఇంగ్లండ్ అంతా తిరిగాను, చాలా అందంగా ఉంది, వేళ్లకి మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

బ్లడ్‌బోర్న్, సెకిరో, రెడ్ డెడ్ గురించి తర్వాత రాస్తాను. మీవి చెప్పండి.

మెమరీకార్డ్_8ఎంబీ (బెజవాడ)

వేళ్ల సంగతి ఎత్తారు కాబట్టి, ఇది చూడకుండా రాస్తున్నాను: ఆర్1, ఆర్2, ఎల్1, ఎక్స్, ఎడమ, కింద, కుడి, పైన, ఎడమ, కింద, కుడి, పైన. జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌లో చీట్ కోడ్, పీఎస్2. ప్రాణం, కవచం, రెండున్నర లక్షల డాలర్లు. మా ఆవిడ ఫోన్ నంబర్ చెప్పమంటే తడుముకుంటాను, ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిజానికి నోటితో చెప్పాలంటే కాస్త ఆగాలి. చేతిలో కంట్రోలర్ ఉంటే అదే పోతుంది.

మాది గవర్నర్‌పేటలో మెట్ల కింద గదిలో నడిచే గేమ్ పార్లర్ బ్యాచ్. గంట లెక్కన డబ్బులు. కుర్చీల్లో స్పాంజి లేచిపోయి ఉండేది, ఎడమ స్టిక్‌కి రబ్బరు అరిగి తెల్లటి ప్లాస్టిక్ బయటపడేది, అదృష్టం బాగుంటే ఎల్1 పనిచేసేది. శాన్ ఆండ్రియాస్ ముందుకి నడవాలంటే ఎవరి మెమరీ కార్డు వాళ్లు జేబులో తెచ్చుకోవాలి. కార్డు లేనివాడు రోజూ హీరో సీజే సైకిలెక్కే దగ్గరే మొదలుపెట్టేవాడు. ఆ రైలు మిషన్ దగ్గర ఎంతమంది ఆగిపోయారో! రైలుని ఆనుకుని బండి నడిపితే వెనక కూర్చున్న బిగ్ స్మోక్‌కి రైలు పైనున్నవాళ్లని కాల్చడం కుదరదు. కాస్త ఎడంగా, పక్క పట్టాల మీద పోవాలి. ఈ ఒక్క ముక్క తెలిసినవాడు మా గదిలో మేధావి.

టెక్కెన్ 3లో ఎడ్డీ గోర్డోని తీసుకున్నవాడికి మర్యాద ఉండేది కాదు. తన్నే బటన్లు రెండూ గబగబా నొక్కుతూ పోతే చాలు, వాడు తలకిందులుగా తిరుగుతూ ఎదుటివాణ్ణి లేవనివ్వడు. "ఎడ్డీ లేడు" అనేది మా పార్లర్ రూలు. గోడ మీద రాసి ఉండేది కూడా.

ఫ్రేమ్‌రేట్_ఫణి (హైదరాబాద్)

కుర్రోడు గారు, పోస్టు బాగుంది. కానీ చేతికి ఏం తెలిసిందన్నదే మీ కొలత అయితే ముందు మీ టీవీ సెట్టింగులు చెప్పండి. సగంమంది కంట్రోల్స్ మొద్దుగా ఉన్నాయని గేమ్‌ని తిడతారు. దోషం టీవీది. బొమ్మని నునుపు చేసే, కదలికని సాఫీ చేసే పనులన్నీ టీవీ లోపల జరిగి, ఆ తర్వాతే తెర మీదకి వస్తాయి. సినిమాకి ఆ ఆలస్యం తెలియదు. మీరు బటన్ నొక్కి ఫలితం కోసం చూస్తున్నప్పుడు తెలుస్తుంది. పిక్చర్ మోడ్‌లో "గేమ్" అని ఉంటుంది, అది పెట్టండి. రంగులు కాస్త పాలిపోయినట్టు ఉంటాయి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

రెండోది, సెకనుకి 30 ఫ్రేమ్‌లు అంటే ఒక్కో బొమ్మకి 33 మిల్లీసెకన్లు. 60 అయితే దాదాపు 17. పీఎస్5లో చాలా గేమ్‌లకి "పెర్ఫార్మెన్స్", "క్వాలిటీ" అని రెండు మోడ్‌లు ఇస్తారు. కళ్లకి క్వాలిటీ, వేళ్లకి పెర్ఫార్మెన్స్. నేను పీసీ మనిషిని, అందుకే ఇవన్నీ చూసి నవ్వుకుంటాను. బ్లడ్‌బోర్న్ 2015లో వచ్చి ఇంకా 30 ఫ్రేమ్‌ల దగ్గరే కూర్చుంది, పీసీకి అధికారికంగా రానే లేదు. దాన్ని మీరు ఎలా పొగుడుతారో చూస్తాను.

లాలిపాట (రాజమండ్రి)

మా ఇంట్లో బాబు పడుకున్నాకే టీవీ నాది. ఆ గంటన్నరలో నేను ఆడినవాటి గురించి చెబుతాను.

ఇట్ టేక్స్ టూ (2021) మా ఆయనతో కలిసి ఆడాను. ఆయన అంతకుముందు కంట్రోలర్ పట్టుకోలేదు. గేమర్లకి అర్థంకాని విషయం ఒకటుంది, కొత్తవాళ్లకి కష్టం శత్రువులతో కాదు, కుడి స్టిక్‌తో. ఎడమ బొటనవేలితో నడవాలి, అదే సమయంలో కుడి బొటనవేలితో తల తిప్పాలి. మనకి శ్వాసలా అలవాటైపోయింది కాబట్టి తెలియదు. ఆయన నాలుగడుగులు వేసి, ఆగి, చూపు తిప్పి, మళ్లీ నాలుగడుగులు వేసేవారు. కాసేపటికి గోడకి మొహం ఆనించి "ఇదేంటి చీకటైపోయింది" అనేవారు. ఈ ఆటకి ఆ ఓపిక ఉంది. పడిపోతే క్షణంలో మళ్లీ లేపుతుంది. ఎప్పుడూ ఇద్దరికీ చెరో పని ఇస్తుంది. మొదట్లో నా పాత్ర మే దగ్గర సుత్తి, ఆయన పాత్ర కోడీ దగ్గర మేకులు. ఆయన మేకు విసిరితే నేను దానికి సుత్తి తగిలించి ఊగి అవతలికి వెళ్లాలి. నేను అవతలికి వెళ్లాలంటే ఆయన గురి కుదరాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్నది అప్పుడే.

విడాకులు తీసుకోబోయే జంట కథ అని ముందు చెప్పకపోవడం మంచిదయింది. ఆ ఏనుగు బొమ్మ ఘట్టం దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆడినవాళ్లకి తెలుసు.

ఇంకోటి రిటర్నల్ (2021, పీఎస్5). ఎల్2 సగం నొక్కితే గురి. అక్కడ బటన్ మీ వేలిని ఆపుతుంది. ఆ అడ్డు దాటి పూర్తిగా నొక్కితే తుపాకీకి ఉన్న రెండో దాడి. ఒకే బటన్, రెండు లోతులు. ఇలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. వాన పడితే ఆ చినుకులు అరచేతుల్లో వేర్వేరుగా తెలుస్తాయి. కానీ వచ్చిన కొత్తలో మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. చస్తే మొదటికి, కన్సోల్ ఆగినా మొదటికే. అది చేసినవాళ్లు ఫిన్లాండ్ వాళ్లట. వేసవిలో మా వీధిలో కరెంటు ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసు! మూడో ప్రాంతం దాకా వెళ్లాక ఫ్యాన్ ఆగిన చప్పుడు వినపడితే గుండె ఆగినంత పని అయ్యేది. తర్వాత ఆ ఏడాది అక్టోబరులో అప్‌డేట్ ఇచ్చి, మధ్యలో ఆపి తర్వాత కొనసాగించే వీలు కల్పించారు. అయినా కరెంటు చెప్పి పోదు కదా. టీవీకి, కన్సోల్‌కి కలిపి యూపీఎస్ కొన్నాకే ప్రశాంతంగా ఆడాను.

ఓరుగల్లు_64 (వరంగల్)

లాలిపాట గారూ, యూపీఎస్ ముచ్చట మస్తు చెప్పారు. ఫిన్లాండ్ వాళ్లకి మన సబ్‌స్టేషన్ చూపించాలి.

నా వంతు అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ (2017). మన దేశంలో జరిగే పెద్ద కన్సోల్ ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇది బాగా చేసింది. హీరోయిన్లు క్లోయీ, నాడీన్ ఇద్దరూ పడమటి కనుమల్లో హోయసల శిథిలాల్లో గణేశుడి దంతం కోసం వెతుకుతారు. పరశురాముడి గొడ్డలికి దంతం విరిగిన కథ క్లోయీ నోట వింటుంటే, మా నాయనమ్మ చెప్పినట్టు లేదుగానీ, తప్పుగా కూడా లేదు. హళేబీడు, బేలూరు పేర్లు వాడుకుని అడవిలో పెద్ద కల్పిత నగరం కట్టారు. అసలు హళేబీడులో అంత కొండలూ జలపాతాలూ లేవు, బస్సు దిగితే గుడి.

హోయసలులూ మా కాకతీయులూ ఒకే కాలంవాళ్లు. రామప్ప గుడి 1213 నాటిది. గోడల మీద చెక్కిన ఏనుగుల వరస, ఆ నల్లరాతి మెరుపు చూస్తూ పెరిగినవాడికి ఈ గేమ్‌లో ఒక కష్టం ఉంది: శత్రువులు కాలుస్తుంటే నేను స్తంభాల పనితనం చూస్తూ చచ్చిపోతుంటాను. ఫోటో మోడ్ పెట్టి శిల్పాల దగ్గరికి పోయి చూశాను. చాలాచోట్ల ఒకే బొమ్మని అక్కడా ఇక్కడా అతికించారు, అయినా నీడ పడే తీరు కుదిరింది. కుర్రోడు భాషలో చెప్పాలంటే, చేతికి మిగిలింది జీపు. బురద వాలు మీద టైర్లు జారుతూ, ఎక్స్‌లరేటర్ కొంచెం కొంచెంగా ఇస్తే గానీ ఎక్కదు. ఏటూరునాగారం వైపు వానాకాలం పోయినవాళ్లకి వేరే ట్రైనింగ్ అక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2009లో పీఎస్2కి "హనుమాన్: బాయ్ వారియర్" అని ఒకటి వచ్చింది, చేసింది హైదరాబాద్ స్టూడియో. విమర్శకులు ఉతికి ఆరేశారు, దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏమిటని విదేశాల్లో కొందరు అభ్యంతరమూ చెప్పారు. గేమ్‌గా గొప్పదేం కాదు. కానీ పీఎస్3 వచ్చి మూడేళ్లయ్యాక కూడా మన దగ్గర ఇళ్లల్లో ఉన్నది పీఎస్2యే కదా, దానికోసం మన ఊళ్లో కూర్చుని ఒక ఆట చేశారన్నదే నాకు ముఖ్యం. డిస్కు ఇంకా దాచుకున్నాను.

పుల్‌షాట్ (గుంటూరు)

ఇంత చర్చలో క్రికెట్ మాటే లేదేంటి సార్? క్రికెట్ 07 పీఎస్2లో ఆడనివాళ్లు చేతులెత్తండి. అందులో టైమింగ్ పడిందంటే సిక్స్, అంతే, బంతి ఎక్కడ పడినా సరే. 2014లో డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చాక నా ఆట మారింది. ఎడమ స్టిక్ కాళ్లు, కుడి స్టిక్ బ్యాటు. బౌలింగ్ కూడా స్టిక్‌తోనే, వెనక్కి లాగి సరైన సమయానికి ముందుకి తోయాలి. మొదట్లో నా స్కోరు చూసి మా ఇంట్లోవాళ్లు జాలిపడ్డారు. పట్టుబడ్డాక, ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని వదిలేయడానికి బొటనవేలిని ఆపుకోవడంలో ఎంత ఆనందం ఉందో తెలిసింది. ఏమీ నొక్కకపోవడం కూడా ఆటే. ఆ ఆట చేసిన ఆస్ట్రేలియా స్టూడియోనే 2023లో వచ్చిన క్రికెట్ 24 కూడా చేసింది. బొమ్మలు బాగుపడ్డాయి. ఫీల్డర్ల బుర్ర బాగుపడాలి.

స్టీల్‌ప్లాంట్_కుర్రోడు (విశాఖ)

పుల్‌షాట్ గారు, "ఏమీ నొక్కకపోవడం కూడా ఆటే" అన్నది నేను దొంగిలిస్తున్నాను.

ఫణి గారూ, నా టీవీ గేమ్ మోడ్‌లోనే ఉంది. ఇప్పుడు బ్లడ్‌బోర్న్. అవును, 30 ఫ్రేమ్‌లే, కొన్నిచోట్ల అదీ సరిగ్గా రాదు. అయినా వినండి. డార్క్ సోల్స్ ఆడినవాళ్లకి ఒక అలవాటు పడుతుంది: డాలు పైకెత్తు, దెబ్బ తగిలితే వెనక్కి తగ్గు, మందు తాగు. బ్లడ్‌బోర్న్‌లో దెబ్బ తగిలాక వెంటనే తిరిగి కొడితే పోయిన ప్రాణంలో కొంత తిరిగి వస్తుంది. ఆ వ్యవధి చాలా చిన్నది. అంటే భయమేసి వెనక్కి దొర్లాలనిపించే సరిగ్గా ఆ క్షణంలో వేలు ఆర్1 మీదకి పోవాలి. ఈ ఒక్క రూలుతో మనిషి స్వభావమే మార్చేశారు. ఫాదర్ గాస్కాయిన్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర నేను ఎప్పుడైతే పారిపోవడం మానేశానో అప్పుడే గెలిచాను. (ఊళ్లో ఓ కిటికీ దగ్గర చిన్నమ్మాయి ఇచ్చే మ్యూజిక్ బాక్స్ వాడితే వాడు తల పట్టుకుని కాసేపు ఆగుతాడు. ఎందుకో తెలిశాక వాడబుద్ధి కాదు.) ఒక పెద్ద లోపం: ప్రాణం నింపే సీసాలు అయిపోతే మళ్లీ పోగేసుకోవడానికి ఊరంతా తిరగాలి. బాస్ దగ్గర ఓడిపోయినవాడికే ఆ శిక్ష వేయడం ఏం న్యాయం?

సెకిరో (2019) ఇంకోరకం. మొదట దాన్ని బ్లడ్‌బోర్న్ లాగే ఆడబోతే తుక్కు రేగగొట్టింది. ఎదుటివాడి కత్తి తగిలే సమయానికి ఎల్1 నొక్కాలి. కంగారుపడి గబగబా నొక్కితే, కత్తి ఆపడానికి ఆట ఇచ్చే గడువు ఇంకా కుంచించుకుపోతుంది. కోటపైన గెనిచిరో అనే బాస్ దగ్గర ఇరుక్కుపోయినప్పుడు నాకు మా ఊరి కోలాటం గుర్తొచ్చింది. ఎదుటివాడి కర్ర ఎక్కడుందా అని చూస్తే వేలు పగులుతుంది. తాళం వినాలి, కర్ర దానంతట అదే వస్తుంది. అప్పట్నుంచి కత్తి చూడ్డం మానేసి చప్పుడు విన్నాను. టీవీ సౌండ్ ఆపేసి సెకిరో ఆడి చూడండి, సగం ఆట పోతుంది.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018). దీని మీద గొడవ జరుగుతుందని తెలుసు. అందరూ స్లో అంటారు. బీరువా తెరిస్తే హీరో ఆర్థర్ ఒక్కో వస్తువూ చేత్తో తీసుకుంటాడు. లేడిని కొడితే తోలు ఒలిచేదాకా నిలబడి చూడాలి, తర్వాత భుజాన వేసుకుని గుర్రం దాకా మోయాలి. నాకదే కావాలి. గుర్రం పరుగుకి ఎక్స్ బటన్‌ని డెక్కల చప్పుడుకి సరిపోయేలా నొక్కుతుంటే దానికి అలుపు తక్కువ. కొన్నాళ్లకి ఆ వేగం బొటనవేలికి పట్టేస్తుంది, తెర చూడక్కర్లేదు.

డల్లాస్_బ్యాక్‌లాగ్ (అమెరికా)

అన్నా, అన్నీ ఒప్పుకుంటాను, రెడ్ డెడ్ కంట్రోల్స్‌ని పొగడ్డం మాత్రం ఒప్పుకోను. మనిషిని పలకరించడానికీ, తుపాకీ గురిపెట్టడానికీ ఒకే ఎల్2 ఏంటి? చేతిలో తుపాకీ ఉన్న సంగతి మర్చిపోయి "హలో" అందామని నొక్కితే వాలెంటైన్ ఊరంతా నా వెనక పడింది. అది బరువు కాదు, చెత్త అమరిక. కథ మాత్రం అద్భుతం. [ముగింపు చెప్పిన వాక్యం తొలగించాం – నిర్వాహకుడు]

నా ఆట బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ (2017, స్విచ్). కత్తులు విరిగిపోతాయని మా ఆఫీసులో తెలుగువాళ్లందరూ దాన్ని మధ్యలో వదిలేశారు. నాకు అదే ఇష్టం. మంచి కత్తి దొరికితే దాచుకోవడం మన జబ్బు. ఈ ఆట దాచుకోనివ్వదు. కత్తి విరగబోతుంటే దాన్ని విసిరికొట్టు, అదే గట్టి దెబ్బ. తర్వాత వాడి కర్రే లాక్కో. ఉరుములొచ్చినప్పుడు ఒంటి మీద ఇనుము ఉంటే పిడుగు పడుతుంది. తీసి శత్రువు పక్కన పడేస్తే పిడుగు వాడి మీద పడుతుంది. ఎవరూ చెప్పరు, మనకే తడుతుంది. ఒప్పుకోనిది వాన. కొండ సగం ఎక్కాక చినుకు పడుతుంది, చెయ్యి జారుతుంది, కింద రాయి పక్కన కూర్చుని వాన తగ్గేదాకా దిక్కులు చూడాలి. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ (2023)లో బండ్లు, విమానాలు అతికించుకోవచ్చు. మా అబ్బాయి అందులో కథ ఒక్క అడుగు నడపలేదు, పొద్దస్తమానం చక్రాలు అతికించడమే.

నిర్వాహకుడు

రెడ్ డెడ్, లాస్ట్ ఆఫ్ అస్ రెండూ ఇంకా ఆడనివాళ్లు ఇక్కడ ఉన్నారు. ముగింపులు రాయకండి. డిస్కులు అమ్మడం, మార్చుకోవడం కోసం వేరే విభాగం ఉంది, ఓరుగల్లు గారి హనుమాన్ డిస్కు కోసం నాకు మెసేజ్‌లు పెట్టకండి.

లాలిపాట (రాజమండ్రి)

కుర్రోడు గారు, రెడ్ డెడ్ విషయంలో నేను డల్లాస్ గారి పక్షం, కారణం మాత్రం వేరు. గంటన్నర ఉన్నవాళ్లకి ఆ బరువు భరించడం కష్టం. శిబిరం నుంచి పని ఉన్న చోటికి గుర్రం మీద వెళ్లేసరికే బాబు లేస్తాడు. రాత్రంతా మీదే అయినప్పుడు నెమ్మది అందంగానే ఉంటుంది. చేతికి తెలిసేదే ముఖ్యం అన్నారు, సరే, ఆ చేతికి ఎంత సమయం ఉందన్నది కూడా లెక్కలోకి రావాలి కదా?

స్టీల్‌ప్లాంట్_కుర్రోడు (విశాఖ)

అది నిజమే లాలిపాట గారూ. నాది షిఫ్టు డ్యూటీ, నైట్ దిగాక పగలంతా ఖాళీ. పిల్లలున్న ఇంట్లో రెడ్ డెడ్ పెట్టమని నేను కూడా చెప్పను.

డల్లాస్ తమ్ముడూ, వాలెంటైన్‌లో తుపాకీ పట్టుకుని తిరిగితే ఎవరైనా వెంటపడతారు.

కొత్తగా_కొన్నా (కర్నూలు)

అందరికీ నమస్కారం. పోయిన వారమే పీఎస్5 తీసుకున్నాను. కాలేజీలో పార్లర్‌లో స్మాక్‌డౌన్ తప్ప ఏమీ ఆడలేదు. ఇప్పుడు వయసు నలభై దాటింది. ఒకరు బ్లడ్‌బోర్న్ అంటారు, ఒకరు రిటర్నల్ అంటారు. నిజాయతీగా ఏది ముందు కొనమంటారు? బడ్జెట్ ఒక గేమ్‌కే.

మెమరీకార్డ్_8ఎంబీ (బెజవాడ)

ముందు ఏదీ కొనకండి సార్. కన్సోల్‌తో పాటే ఆస్ట్రోస్ ప్లేరూమ్ ఉచితంగా ఉంటుంది, చాలామంది అది డెమో అనుకుని తెరవరు. ఇసుక మీద నడిస్తే ఒకలా, ఇనుప రేకు మీద నడిస్తే ఇంకోలా కంట్రోలర్ అదురుతుంది, కళ్లు మూసుకుని చెప్పొచ్చు. లాలిపాట గారు చెప్పిన కుడి స్టిక్ కష్టం కూడా అక్కడే తీరిపోతుంది, కెమెరా చాలావరకు అదే చూసుకుంటుంది. అది ముగిశాక గాడ్ ఆఫ్ వార్ 2018 డిస్కు. పాతది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుంది. ఈజీ పెట్టుకోండి, ఎవరూ చూడరు.

ఫ్రేమ్‌రేట్_ఫణి (హైదరాబాద్)

టీవీ గేమ్ మోడ్. మళ్లీ చెబుతున్నాను.

కుర్రోడు గారు, మీ బ్లడ్‌బోర్న్ పేరా చదివి మా కజిన్ పీఎస్4 తెచ్చాను. 30 ఫ్రేమ్‌లు చూసి కళ్లు మండుతున్నాయి. గాస్కాయిన్ ఇంకా అవలేదు. ఏమీ మాట్లాడను.

పుల్‌షాట్ (గుంటూరు)

ఫణి గారు బ్లడ్‌బోర్న్ ఆడుతున్నారా! ఈ థ్రెడ్‌ని పైన పిన్ చేయండి అడ్మిన్ గారూ.

డల్లాస్ అన్నా, ఇట్ టేక్స్ టూ చేసినవాళ్లదే 2025లో స్ప్లిట్ ఫిక్షన్ వచ్చింది కదా. మా అన్నయ్య కూడా మీ వైపే ఉంటాడు, ప్లేనోలో. ఆయనకి ఎక్స్‌బాక్స్, నాకు పీఎస్5. ఇద్దరం కొనాలా?

డల్లాస్_బ్యాక్‌లాగ్ (అమెరికా)

ఒకరు కొంటే చాలు. రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్ ఉచితంగా దించుకోవాలి, కన్సోల్‌లు వేరైనా కలిసి ఆడొచ్చు. మీ అన్నయ్యతో కొనిపించు, డాలర్లలో సంపాదిస్తున్నాడు. టైమ్ ఒక్కటే తంటా. ఈ వేసవిలో మాకు శనివారం పొద్దున తొమ్మిదంటే మీకు రాత్రి ఏడున్నర. కరెంటు సంగతి లాలిపాట గారిని అడుగు.

లాలిపాట (రాజమండ్రి)

రూటర్‌ని కూడా యూపీఎస్‌కే పెట్టండి. చాలామంది అది మర్చిపోతారు.